టెక్సస్ జైలు ఉద్యోగి పిస్టల్‌తో న్యూజెర్సీ వెళ్ళొచ్చా? లియోసా చట్టం గురించి ఒక తమ్ముడికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. టెక్సస్‌లో ఒక స్టేట్ జైల్లో నాలుగేళ్ళుగా కరెక్షనల్ ఆఫీసర్‌గా చేస్తున్న తమ్ముడు, భార్యనీ మూడేళ్ళ పాపనీ తీసుకుని డాలస్ నుంచి కారులో న్యూజెర్సీలోని అక్కావాళ్ళింటికి వెళ్తున్నాడు. సొంత పిస్టల్ నడుముకి పెట్టుకుని, పైన చొక్కా కప్పుకుని వెళ్ళొచ్చా అని అడుగుతున్నాడు. తోటి ఉద్యోగులేమో "నీకు లియోసా ఉందిగా, యాభై రాష్ట్రాల్లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అంటున్నారట. తను గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు. వచ్చే ఏడు సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తాడు.

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ ప్రయాణానికి పిస్టల్ ఇంట్లో పెట్టి వెళ్ళు.

నేను ఈ దేశంలో ఒక కౌంటీ షెరీఫ్ ఆఫీసులో కోర్టు సెక్యూరిటీలో 22 ఏళ్ళు చేశాను. అందులో చివరి 9 ఏళ్ళు ఫైరింగ్ క్వాలిఫికేషన్ (తుపాకి కాల్చే పరీక్ష) చేయించే ఇన్‌స్ట్రక్టర్‌ని. లాయర్ని కాను. కానీ నీలాంటి ప్రశ్న నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. మీవాళ్ళు చెప్పినట్టే అందరూ సగం చట్టం చెప్తారు. మనిషిని ఇరికించేది ఆ మిగతా సగం.

లియోసా అంటే లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్స్ సేఫ్టీ యాక్ట్. 2004 జులై 22న ప్రెసిడెంట్ జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకం పెట్టారు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి సెక్షన్ 926బి, రిటైరైనవాళ్ళకి 926సి. రాష్ట్రాల చట్టాలు ఏం చెప్పినా సరే, అర్హత ఉన్న ఆఫీసర్ దాచిపెట్టుకున్న తుపాకితో ఏ రాష్ట్రంలోనైనా తిరగొచ్చు అన్నది దాని సారం. అంతవరకూ మీవాళ్ళు చెప్పింది నిజమే. అసలు చిక్కంతా "అర్హత ఉన్న" అన్న మాటలో ఉంది. ఆ మాటకి అర్థం చట్టం తనే రాసుకుంది, మన యూనిఫారం చూసి ఇచ్చేది కాదు.

నువ్వు ప్రభుత్వ ఏజెన్సీలో ఉద్యోగివై ఉండాలి. నేరాలను అరికట్టడం, దర్యాప్తు చేయడం, ప్రాసిక్యూట్ చేయడం, మనుషుల్ని జైల్లో ఉంచడం, వీటిలో ఏదో ఒకటి చట్టప్రకారం నీ పని అయి ఉండాలి. ఇది నీకు సరిపోతుంది, జైలు పని పేరు పెట్టి మరీ ఉంది. మీవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేశారు. వెంటనే ఇంకో షరతు ఉంది: చట్టం ద్వారా వచ్చిన అరెస్టు అధికారం కూడా ఉండాలి. "నేను ఖైదీకి బేడీలు వేస్తాను కదా" అంటే అది చాలదు. నీ పోస్టుకి అరెస్టు చేసే అధికారాన్ని ఏదో ఒక చట్టం ఇచ్చి ఉండాలి. ఆ తర్వాత, నీ ఏజెన్సీ నీకు తుపాకి పట్టుకునే అనుమతి ఇచ్చి ఉండాలి, వాళ్ళు పెట్టే క్వాలిఫికేషన్ పాసవుతూ ఉండాలి, నీ మీద అధికారాలు ఊడే స్థాయి క్రమశిక్షణ చర్య ఏదీ నడుస్తూ ఉండకూడదు, తుపాకి ఒంటి మీద ఉన్నప్పుడు మద్యం, మత్తు పదార్థాల ప్రభావంలో ఉండకూడదు, ఫెడరల్ చట్టం తుపాకి నిషేధించిన కోవలో ఉండకూడదు. ఇవన్నీ కలిపితేనే అర్హత. ఒక్కటి తప్పినా లియోసా నీకు లేనట్టే, నువ్వూ మామూలు మనిషివే.

అరెస్టు అధికారం అన్న ఆ ఒక్క షరతు మీద ఎంత గొడవ జరిగిందో చెప్తాను. వాషింగ్టన్ డీసీలో రిటైరైన జైలు ఆఫీసర్లు 926సి కింద తమకు హక్కు ఉందన్నారు. మీకు అరెస్టు అధికారం లేదు పొమ్మంది డీసీ ప్రభుత్వం. వాళ్ళు కోర్టుకెళ్ళారు. డుబెర్రీ కేసు అంటారు దాన్ని. 2016లో డీసీ సర్క్యూట్ అప్పీల్ కోర్టు, ఇది కోర్టులో కొట్లాడి సాధించుకోదగిన హక్కే అంది. పెరోల్ ఉల్లంఘించినవాళ్ళ మీద వారంటు అమలు చేసే అధికారం డీసీ చట్టం ఆ ఆఫీసర్లకు ఇచ్చింది, కాబట్టి షరతు తీరిందన్న తీర్పు 2019కి గానీ ఖాయం కాలేదు. చట్టం వచ్చిన 2004 నుంచి లెక్కేస్తే 15 ఏళ్ళు. అదీ ఇంటి దగ్గర కూర్చుని లాయర్లను పెట్టుకుని కొట్లాడినవాళ్ళకి. రాత్రి రెండింటికి హైవే పక్కన కారాపిన ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) దగ్గర ఈ వాదన చేసి గెలవడం ఎవరివల్లా కాదు.

మరి నీ సంగతేంటి? టెక్సస్‌లో పీస్ ఆఫీసర్, అంటే పోలీసు అధికారాలున్న ఉద్యోగి, ఎవరన్నది చట్టం ఒక జాబితాగా ఇస్తుంది. షెరీఫ్, డెప్యూటీ, కాన్‌స్టేబుల్, సిటీ పోలీసు, ట్రూపర్, ఇలా పెద్ద జాబితా. జైల్లో కాపలా ఉండే కరెక్షనల్ ఆఫీసర్ పోస్టు అందులో లేదు. టెక్సస్ పీనల్ కోడ్ సెక్షన్ 46.15 జైలు గార్డులకి ఒక మినహాయింపు ఇచ్చింది, కానీ అందులో మాట చూడు: అధికారిక విధులు నిర్వహిస్తున్నప్పుడు. అంటే వాచ్‌టవర్ మీద ఉన్నప్పుడు, ఖైదీని ఆస్పత్రికి తీసుకెళ్తున్నప్పుడు. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక ఆ మినహాయింపు పనిచేయదు.

మా నాన్నగారు కర్నూలులో ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో చేసేవారు. డ్యూటీ దిగగానే రైఫిల్‌ని బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పజెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, ఉత్త చేతులతో ఇంటికొచ్చేవారు. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది, పోలీసు అయ్యుండి తుపాకి ఇంటికి తెచ్చుకోరేంటని. మన 1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 45 కూడా ప్రభుత్వోద్యోగికి విధి నిర్వహణలో పట్టుకున్న ఆయుధానికే మినహాయింపు ఇస్తుంది. ఆయుధం డ్యూటీదే గానీ మనిషిది కాదు అన్న ఆ లెక్క అమెరికాలోనూ చాలా పోస్టులకి అంతే. కాకపోతే మనకి దేశమంతటికీ ఒకే చట్టం. ఇక్కడ యాభై రాష్ట్రాలు యాభై రకాలుగా రాసుకున్నాయి.

ఎంత తేడానో చూడు. ఫ్లోరిడాలో కరెక్షనల్ ఆఫీసర్ సర్టిఫికేషన్ ఉన్నవాళ్ళు డ్యూటీ లేనప్పుడు కూడా దాచిపెట్టుకుని తిరగొచ్చని సెక్షన్ 790.052 నేరుగా చెప్తుంది, అయితే పై అధికారి ఇష్టం మీద అన్న మెలిక ఉంది. కాలిఫోర్నియాలో స్టేట్ జైలు ఆఫీసర్ పీస్ ఆఫీసర్ కిందికి వస్తాడు, అదే రాష్ట్రంలో పీనల్ కోడ్ 831 కింద నియమించిన కస్టోడియల్ ఆఫీసర్ మాత్రం పీస్ ఆఫీసర్ కాడు, పైగా విధుల్లో తుపాకి పట్టుకునే హక్కు కూడా లేదని అక్కడే రాసి ఉంది. బయటివాళ్ళకి ఇద్దరి పనీ ఒకేలా కనిపిస్తుంది. న్యూయార్క్ ఇంకో రకం. అక్కడ క్రిమినల్ ప్రొసీజర్ లా 2.10లో పీస్ ఆఫీసర్ల జాబితా పదుల సంఖ్యలో సాగుతుంది. చాలా పోస్టుల చివర ఒకే వాక్యం మళ్ళీమళ్ళీ వస్తుంది, పీనల్ లా సెక్షన్ 400 కింద లైసెన్సు తీసుకుంటే తప్ప ఈ పదవి వల్ల తుపాకి పట్టుకునే అధికారం రాదు అని. పీస్ ఆఫీసర్ అన్న పేరు ఇస్తూనే తుపాకిని పక్కన పెట్టేశారు. అందుకే "నా ఫ్రెండ్ ఫలానా రాష్ట్రంలో జైల్లోనే చేస్తాడు, వాడు పెట్టుకుంటాడు" అన్న మాట నీకు ఏ రకంగానూ పనికిరాదు.

ఇక కార్డు. లియోసా కింద తిరిగేవాడి దగ్గర ఏజెన్సీ ఇచ్చిన ఫోటో ఐడీ ఉండాలి. ఆ కార్డు అతన్ని పోలీస్ ఆఫీసర్ అనో, లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ అనో గుర్తించాలి. నేను ప్రతి క్లాసు మొదట్లో ఒక పని చేయించేవాణ్ణి. తుపాకులు ఇంకా లాకర్లోనే ఉండగా, అందర్నీ ఐడీ కార్డులు తీసి బల్ల మీద వరసగా పెట్టమనేవాణ్ణి. ఒక బ్యాచ్‌లో 12 మంది, వేర్వేరు డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చారు. కార్డులు ఒక్కొక్కటీ చదువుకుంటూ వెళ్ళాను. మూడింటి మీద "సెక్యూరిటీ ఆఫీసర్" అని ఉంది. ఒకదాని మీద ఉత్త "ఎంప్లాయీ" అని ఉంది, పక్కన పార్కింగ్ నంబరు. ఆ ఎంప్లాయీ కార్డు కుర్రాడు ఏడాదిగా నడుముకి పిస్టల్‌తో మూడు రాష్ట్రాలు తిరిగొచ్చాడు, లియోసా ఉందన్న ధైర్యంతో. కార్డు చేతిలోకి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు, ముఖం పాలిపోయింది. ఎవరూ అతన్ని ఆపలేదు కాబట్టి బయటపడ్డాడు. నీ కార్డు ఇప్పుడే తీసి చూడు, ఏ మాట ఉందో.

ఇప్పుడు నీ దారి చూద్దాం. డాలస్ నుంచి ఐ-30 హైవే మీద ఆర్కన్సా, అక్కణ్ణించి ఐ-40 మీద టెనెసీ, తర్వాత ఐ-81 పట్టుకుని వర్జీనియా పొడవునా పైకి. వర్జీనియా దాటాక వెస్ట్ వర్జీనియా కాస్త, ఆపైన మేరీలాండ్. హేగర్స్‌టౌన్ దగ్గర మేరీలాండ్‌లో ఆ రోడ్డు ఉన్నది పన్నెండు మైళ్ళే, పావుగంటలో పెన్సిల్వేనియాలో పడతావు. కానీ మేరీలాండ్ వేరే ఏ రాష్ట్రం క్యారీ లైసెన్సునీ (తుపాకి వెంట పెట్టుకుని తిరిగే లైసెన్సు) గుర్తించదు. నీ టెక్సస్ లైసెన్సు ఆ పన్నెండు మైళ్ళూ చెల్లదు. పెన్సిల్వేనియా దాటి ఐ-78 మీద వంతెన దిగితే న్యూజెర్సీ, అదీ అంతే, బయటి లైసెన్సు ఏదీ చెల్లదు.

2022లో తుపాకి లైసెన్సుల మీద సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వచ్చాక న్యూజెర్సీ మారిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. ఆ తీర్పు వల్ల, ప్రత్యేక అవసరం ఉందని రుజువు చేస్తేనే లైసెన్సు ఇస్తామనే పాత పద్ధతి పోయింది. లైసెన్సే అక్కర్లేదని గానీ, బయటి లైసెన్సు చెల్లుతుందని గానీ సుప్రీంకోర్టు అనలేదు. లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్‌తో దొరికితే న్యూజెర్సీలో అది సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్ళ శిక్ష. గ్రేవ్స్ యాక్ట్ అని ఒకటుంది, దాని కింద కనీసం 42 నెలలు పెరోల్ కూడా లేకుండా లోపల ఉండాలి. 2013లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక తల్లిని అక్కడ ట్రాఫిక్‌లో ఆపారు. పెన్సిల్వేనియా లైసెన్సు ఉంది కదా అని, నా దగ్గర పిస్టల్ ఉంది సార్ అని ఆమే నిజాయితీగా చెప్పింది. అరెస్టయింది. జైలుశిక్ష తప్పించుకోవడానికి ఎంత పోరాడాలో అంతా పోరాడింది, చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు. అందరికీ గవర్నర్ దొరకడు కదా.

"సరే అన్నా, నడుముకి వద్దు, డిక్కీలో పెట్టుకుంటా" అంటావని తెలుసు. దానికి వేరే ఫెడరల్ సెక్షన్ ఉంది, 926ఏ. తూటాలు తీసేసి, చేతికి అందని చోట పెట్టాలి. డిక్కీ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, గ్లవ్ బాక్సూ సీట్ల మధ్య కన్సోలూ పనికిరావు. అలా పెట్టుకుంటే మధ్యలో ఉన్న రాష్ట్రాలు దాటొచ్చు. మేరీలాండ్ పన్నెండు మైళ్ళకి ఇది సరిపోతుంది. కానీ ఆ సెక్షన్‌కి రెండు చివరలున్నాయి. బయలుదేరిన చోటా, చేరే చోటా కూడా ఆ తుపాకి పెట్టుకుని తిరగడం నీకు చట్టబద్ధమై ఉండాలి. నువ్వు చేరేది న్యూజెర్సీ. అక్కడ లైసెన్సు లేకుండా హ్యాండ్‌గన్ ఉంచుకోవడానికి ముఖ్యమైన మినహాయింపు ఎవరి ఇల్లు, స్థలం, వ్యాపారం చేసే చోటు వాళ్ళకి. అక్కావాళ్ళిల్లు నీ ఇల్లు కాదు. కాబట్టి 926ఏ నీకు న్యూజెర్సీ గడప దగ్గరే ఆగిపోతుంది.

దాటిపోయేవాళ్ళకి కూడా అది ఎంత సన్నటి దారో రెవెల్ కేసు చూస్తే తెలుస్తుంది. ఆయనది యూటా. 2005లో పెన్సిల్వేనియా వెళ్తూ న్యూవార్క్ ఎయిర్‌పోర్టులో ముందుకెళ్ళే విమానం అందలేదు. తాళం వేసిన పెట్టెలో ఉన్న తుపాకితో సహా లగేజీ చేతికిచ్చారు. పెట్టె తీసుకుని రాత్రికి హోటల్‌కి వెళ్ళాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్టుకొచ్చి, రూలు ప్రకారం తుపాకి ఉందని తనే చెప్పాడు, అక్కడే అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు గానీ, ఆయన తిరిగి వేసిన దావా 2010లో థర్డ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. హోటల్లో ఆ పెట్టె ఆయన చేతికి అందుబాటులోనే ఉంది కాబట్టి 926ఏ రక్షణ లేదన్నారు. న్యూజెర్సీ కూడా అదే థర్డ్ సర్క్యూట్ కిందికి వస్తుంది.

అదే కోర్టు 2024 ఫిబ్రవరిలో లియోసాకి అనుకూలంగా పెద్ద తీర్పు ఇచ్చింది. రిటైరైన ఆఫీసర్లు మా రాష్ట్ర పర్మిట్ తీసుకోవాల్సిందే అన్న న్యూజెర్సీ వాదన చెల్లదని చెప్పింది. ఈ తీర్పు వార్త చూసే మీవాళ్ళు ధైర్యం చెప్తున్నారేమో. నిజంగా మంచి తీర్పు, నాలాంటి రిటైరైనవాళ్ళకి చాలా ఊరట. కానీ అది అర్హత ఉన్నవాళ్ళ సంగతి. అర్హత ఉందో లేదో తేలనివాడికి దాంతో ఒరిగేదేమీ లేదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది నీ గ్రీన్‌కార్డు గురించి. ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 237లో తుపాకి నేరాలకి విడిగా ఒక క్లాజు ఉంది. చట్టవిరుద్ధంగా తుపాకి దగ్గర పెట్టుకున్నందుకో, పట్టుకు తిరిగినందుకో ఒక్క కన్విక్షన్ (నేరం రుజువైన తీర్పు) పడితే చాలు, డిపోర్టేషన్‌కి అర్హమైన కేసు. శిక్ష ఎంత పడింది, ఎవరికైనా హాని జరిగిందా అన్నది ఆ క్లాజు అడగదు. సిటిజన్‌కి అదే పొరపాటు జరిగితే లాయరు ఖర్చు, ఉద్యోగం, కొన్నేళ్ళ టెన్షన్. నీకైతే ఇల్లూ దేశమే పోతాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు తుపాకి కొనుక్కోవచ్చు, ఉంచుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఇది చదువుతున్న హెచ్1బీ వాళ్ళు మాత్రం జాగ్రత్త, వాళ్ళకి హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టమే వద్దంటుంది. ఫ్రెండుతో రేంజ్‌కి వెళ్ళి సరదాగా కాల్చడం కూడా చేతిలో తుపాకి పట్టుకోవడమే.

టెక్సస్ లోపల నీ పరిస్థితి చాలా మెరుగు. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, వేరే నిషేధం లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు. అయినా నీ దగ్గర ఉన్న టెక్సస్ లైసెన్సుని రెన్యూ చేసుకుంటూ ఉండు, కారణం స్కూలు. ఫెడరల్ గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం ప్రకారం స్కూలు ఆవరణ నుంచి 1000 అడుగుల లోపల తుపాకితో ఉండటం నేరం. ఆ స్కూలు ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. లైసెన్సు అక్కర్లేదని రాష్ట్రం అన్నంత మాత్రాన ఆ మినహాయింపు రాదు. లియోసా కూడా ఇక్కడ కాపాడదు, ఎందుకంటే అది రాష్ట్ర చట్టాలను పక్కన పెడుతుందే గానీ ఫెడరల్ చట్టాన్ని కాదు. నేను చెప్పిన క్లాసుల్లో పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి కూడా ఈ సంగతి తెలిసేది కాదు. పాపని స్కూల్‌కి దింపే రోజులొస్తున్నాయి కాబట్టి చెప్తున్నాను.

తలుపుల దగ్గర బోర్డులు చదవడం అలవాటు చేసుకో. టెక్సస్‌లో 30.06 అని ఉంటే దాచిపెట్టుకుని రావద్దని, 30.07 అని ఉంటే కనబడేలా పెట్టుకుని రావద్దని. ఇంగ్లీషులో, స్పానిష్‌లో, అంగుళం ఎత్తు అక్షరాలతో ఉంటుంది. 51 శాతం అని ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది మద్యం అమ్మకాల మీదే నడిచే చోటు, లోపలికి అసలు వద్దు. గుడికి 2019 నుంచి చట్టం అడ్డు చెప్పట్లేదు, గుడివాళ్ళు బోర్డు పెడితే వద్దు. బోర్డు లేకపోయినా దేవుడి దగ్గరికి నేను ఎప్పుడూ పెట్టుకుని వెళ్ళలేదు, అది నా పద్ధతి. లియోసా ఉన్నవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రైవేటు స్థలం యజమాని వద్దంటే వద్దే అన్న రాష్ట్ర చట్టాలను, ప్రభుత్వ భవనాల్లో పార్కుల్లో నిషేధాలను లియోసా ముట్టుకోదు. పోస్టాఫీసు సరేసరి, అది ఫెడరల్.

కింద కామెంట్లలో ఇంకొక ఆయన కౌంటీ కోర్టు గేటు దగ్గర కాంట్రాక్టు సెక్యూరిటీ కంపెనీ తరఫున చేస్తున్నానని, తనకీ ఇది వర్తిస్తుందా అని అడిగారు. అయ్యా, మీకు లియోసా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మీ జీతం ఇచ్చేది కంపెనీ, మీరు ప్రభుత్వ ఏజెన్సీ ఉద్యోగి కారు. ఫెడరల్ భవనాల దగ్గర కాపలా కాసే వేలమంది కాంట్రాక్టు గార్డుల పరిస్థితీ ఇదే. టెక్సస్‌లో మీ కమిషన్డ్ ఆఫీసర్ కార్డుతో (తుపాకితో కాపలా కాయడానికి ఇచ్చే కార్డు) డ్యూటీలోనూ, డ్యూటీకి వెళ్ళివచ్చే దారిలోనూ తుపాకి పెట్టుకోవచ్చు, కానీ యూనిఫారంలో ఉండి, పైకి కనబడేలా. మీ కార్డు ఇచ్చే అధికారం దాచిపెట్టుకోవడానికి సరిగ్గా వ్యతిరేకం. మామూలు దుస్తుల్లో దాచిపెట్టుకుని చేసే పనికి పర్సనల్ ప్రొటెక్షన్ ఆఫీసర్ అని వేరే లైసెన్సు ఉంది. ఇంటికెళ్ళేటప్పుడు చలికోటు వేసుకుని జిప్పు పెడితే తుపాకి దాచినట్టే, అప్పుడు మీ సొంత హక్కు మీద నిలబడాలి గానీ కమిషన్ మీద కాదు.

తమ్ముడూ, ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. మీ డిపార్ట్‌మెంట్ లీగల్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టు. ఫోన్ వద్దు, సూపర్‌వైజర్ నోటిమాటా వద్దు. "నా పోస్టుకి అరెస్టు అధికారం ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద ఉంది? సెక్షన్ 926బి కింద నన్ను అర్హత ఉన్న ఆఫీసర్‌గా డిపార్ట్‌మెంట్ గుర్తిస్తుందా? డ్యూటీ లేనప్పుడు సొంత ఆయుధం మీద మన పాలసీ ఏమిటి?" అని ఈ మూడే అడుగు. సెక్షన్ నంబరు లేకుండా జవాబొస్తే జవాబు రానట్టే, మళ్ళీ అడుగు.

వెళ్ళేముందు పిస్టల్ తూటాలు తీసి, సేఫ్‌లో పెట్టి, తూటాలు వేరే చోట తాళం వెయ్యి. ఇల్లు చూసుకోవడానికి ఎవరికైనా తాళాలిచ్చి వెళ్తుంటే సేఫ్ కోడ్ మాత్రం ఇవ్వకు. తిరిగొచ్చాక కూడా అలాగే ఉంచు. తూటాలున్న తుపాకి పిల్లల చేతికి అందేలా వదిలేసి, అది వాళ్ళకి చిక్కితే టెక్సస్‌లో విడిగా నేరం, మీ పాపకి మూడేళ్ళు, స్టూలు ఎక్కే వయసు. లీగల్ ఆఫీసు నుంచి జవాబు వస్తే పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు, కార్డు మీద ఏ మాట ఉందో అదీ రాయి. చదివి చెప్తాను.